దంతపు పిడి

రవికుమార్ చచ్చిపోయేటప్పటికి ఆయన తుపాకీ చేతిలో లేదు. కాళ్ళ దగ్గర పడి ఉంది.

మిషిగన్‌లో నోవై ఊరు దాటి పడమటికి కాసేపు డ్రైవ్ చేస్తే ఒక క్లబ్ వస్తుంది. గుర్రాల కాలం నాటి రివాల్వర్లతో ఆడుకునే క్లబ్. ఆదివారం వచ్చిందంటే డాక్టర్లూ, ఇంజనీర్లూ, బ్యాంకు మేనేజర్లూ నెత్తిన చాటంత టోపీలు పెట్టుకుని, నడుముకి తోలు పటకాలు బిగించుకుని, వరసగా నిలబడి ఇనప పళ్ళేల్ని కాలుస్తారు. పిల్లలు చేస్తే అల్లరి అంటాం. ఏభై ఏళ్ళవాళ్ళు చేస్తే హాబీ అనాలట.

1982 నవంబరులో ఒక ఆదివారం రవికుమార్ అక్కడ నిలబడి ఒరలోంచి రివాల్వర్ తీశాడు. కడిగిన కొర్రమీను జారినట్టు అది చేతిలోంచి జారి సిమెంటు మీద పడింది. ఢామ్మంది. మనిషి కూలిపోయాడు.

కౌంటీ షెరీఫ్ వచ్చాడు, పొట్ట సర్దుకున్నాడు, తుపాకీని సంచీలో వేసుకున్నాడు. "యాక్సిడెంట్" అన్నాడు. క్లబ్ వాళ్ళు ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

*

న్యూజెర్సీలోని పార్సిప్పనీలో, కంప్యూటర్ కన్సల్టెంట్లు కాపురాలుండే ఒక అపార్ట్‌మెంట్‌లో, పేరులేని ఒక ఆఫీసు ఉంది. వాషింగ్టన్ వాళ్ళు నడిపే ఆఫీసు. తలుపు మీద ఇన్సూరెన్స్ కంపెనీ బోర్డు ఉంటుంది. దాని చీఫ్ రామమోహన్. బట్టతల, నల్లకళ్ళద్దాలు. ఇంట్లో కూడా ఆ అద్దాలు తియ్యడు. తీస్తే తనెవరో జనానికి తెలిసిపోతుందని భయం. తీసినా ఎవరూ గుర్తుపట్టరని ఇంకా తెలియలేదు పాపం.

ఎదురుగా ఏజెంట్ శ్యామ్‌సుందర్ కూర్చున్నాడు. ముప్ఫయి రెండేళ్ళు. క్రాపు చెదరకుండా స్ప్రే కొట్టుకునే రకం.

"శ్యామ్, ఒక ప్రశ్న. కిందపడ్డ తుపాకీ పేలితే తూటా ఎటు పోతుంది?"

"గాల్లోకి సార్."

"అంటే పైకి. రవికుమార్‌కి మెడ దగ్గర దిగి నడుము దగ్గర బయటికొచ్చింది. అంటే?"

శ్యామ్‌సుందర్ చాలాసేపు ఆలోచించాడు. "ఆయన తలకిందులుగా నిలబడ్డాడా సార్?"

రామమోహన్ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "పైనుంచి ఎవడో కాల్చాడు. కిందపడ్డ తుపాకీ చప్పుడు వాడికి ముసుగు. అందరూ ఆ చప్పుడే విన్నారు, ఆ తుపాకీనే చూశారు. రెండూ ఒక్కసారే పేలాయి."

విషయం ఇదీ. రవికుమార్, డాక్టర్ లీల అని ఇద్దరు ఇంజనీర్లు డెట్రాయిట్‌లో ఒక ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళు. యుద్ధ ట్యాంకు ఇంజను ఎంత వేడెక్కినా కరగని లోహపు పూత ఒకటి కనిపెట్టారు. దాని డ్రాయింగులు మాయమయ్యాయి. కొట్టేసింది ఒక విదేశీ ముఠా. అయితే డ్రాయింగు చూసి ఆ పూత వేసెయ్యడం ఎవరివల్లా కాదు, ఆ మెలకువ ఇద్దరి తలకాయల్లోనే ఉంది. ఒక తలకాయ పోయింది. రెండోది వచ్చే సోమవారం వాషింగ్టన్ వెళ్ళి మొత్తం చెప్పాలి. ఈలోగా అదీ పోతే ఇక్కడ చెప్పేవాళ్ళుండరు. అక్కడ మాత్రం డ్రాయింగు ముందేసుకుని ఏళ్ళ తరబడి తిప్పలు పడైనా సాధిస్తారు.

"లీలగారు కూడా ఆ క్లబ్ మెంబరే. ఆదివారం పోటీకి వెళ్తానంటోంది. వద్దన్నాను. వినలేదు."

"ఎందుకు సార్?"

"ఆవిడ రాకపోతే హంతకుడు కలుగులోంచి బయటికి రాడట. రవికుమార్‌ని చంపినవాణ్ణి చూడకుండా వాషింగ్టన్ వెళ్ళేది లేదంది. నువ్వు ఆవిడ పక్కన నిలబడాలి. క్లబ్‌లో మన మనిషి ఒకతె ముందే ఉంది. మీనా. కోడ్ వర్డ్ 'గోంగూర'. నువ్వు 'పుల్లగా ఉందా?' అనాలి."

ఆఫీసు ఇచ్చిన సామాన్లు టేబుల్ మీద పరిచాడు. బెల్టు బకిల్‌లో వైర్‌లెస్, పెన్నులో కెమెరా, బూటు మడమలో కత్తి. ఆ కత్తి మీద బరువు పడకుండా శ్యామ్‌సుందర్ ముళ్ళమీద నడిచినట్టు నడుచుకుంటూ డెట్రాయిట్ ఫ్లైట్ ఎక్కాడు.

*

డాక్టర్ లీలకి ఏభై నాలుగేళ్ళు. కట్టింది వెంకటగిరి నేత చీర, పైన మగవాళ్ళ తోలు జాకెట్, కాళ్ళకి బూట్లు. లోహశాస్త్రంలో ఆవిడ మాటకి ఎదురు చెప్పినవాళ్ళు ఉన్నారు కానీ రెండోసారి చెప్పినవాళ్ళు లేరు. తుపాకుల షాపులో శ్యామ్‌సుందర్‌ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది.

"నన్ను కాపాడటానికి నిన్ను పంపారా?"

"అవును ఆంటీ."

"ఆఫీసులో మనుషులు అయిపోయారా?"

శ్యామ్‌సుందర్ అప్పటికే అద్దాల బీరువాలో ఒకదాని మీద మనసు పారేసుకున్నాడు. వెండిలా మెరిసే నికెల్ పూత, మూరెడు గొట్టం, దాని మీద చెక్కిన తీగలూ పూలూ. ఫార్టీ ఫోర్ మాగ్నం.

"ఇది కావాలి."

"పెళ్ళికా?" అంది లీల. "అంత పొడుగు గొట్టం ఒరలోంచి లాగేసరికి అవతలివాడు భోంచేసి రావచ్చు. అంత పెద్ద గుండు పేలిస్తే నీ చెయ్యి నీ మొహానికి తగులుతుంది. మొహం పాడైతే నీ దగ్గర ఇంకేం మిగులుతుంది నాయనా?"

షాపువాడు ఒకటి తీసి చేతికివ్వబోయాడు. లీల అందుకోలేదు. బల్ల మీద పెట్టించి, అక్కడినుంచి తీసుకుంది. తుపాకీ జాగ్రత్త తెలిసిన మనిషి అని షాపువాడు మెచ్చుకున్నాడు. ఇనుమూ ఉప్పూ చేతినుంచి చేతికి అందుకుంటే తగవులొస్తాయని వాడికి ఎవరు చెప్తారు?

"చూడు. ఇది సింగిల్ యాక్షన్. ఊరికే ట్రిగ్గర్ నొక్కితే పేలదు. ప్రతిసారీ బొటనవేలితో ఈ హ్యామర్‌ని వెనక్కి లాగాలి, అప్పుడు నొక్కాలి. నీలాంటి తొందరగాళ్ళకి ఇదే మంచిది. ఆలోచించుకోవడానికి కాస్త వ్యవధి ఉంటుంది."

"అన్నీ ఒకటే కదా ఆంటీ, అలాంటప్పుడు ఏది కొంటే ఏం?"

"మొగుళ్ళందరూ ఒకటే అన్నట్టుంది. పాత మోడల్‌లో హ్యామర్ ముక్కు నేరుగా తూటా మీద ఆని ఉంటుంది. కిందపడితే దెబ్బ తూటాకి తగిలి పేలుతుంది. అందుకని తెలిసినవాళ్ళు ఆరు గదుల్లో అయిదే నింపి, హ్యామర్ కింద గది ఖాళీగా వదిలేస్తారు. కొత్త మోడల్‌లో మధ్యన చిన్న ఉక్కు బద్ద ఉంటుంది. ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి పట్టుకుంటేనే అది పైకి లేచి దెబ్బని అందిస్తుంది. లేకపోతే మేడ మీంచి పడేసినా పేలదు. నువ్వు కొత్తదే కొంటున్నావు."

"రవికుమార్‌గారిది పాతదా?"

ఆవిడ గొంతు తగ్గింది. "పాతదే. కానీ జన్మలో ఆరు నింపలేదు ఆయన. పిడి చెక్క చిట్లిందని క్లబ్‌కి రిపేరుకి ఇచ్చాడు. వాళ్ళు నున్నటి దంతపు పిడి బిగించి, తూటాలు కూడా వాళ్ళే నింపి, పోటీ ముందు చేతికిచ్చారు. తెరిచి చూసుకోవాలా వద్దా?"

"చూసుకోవాలి."

"చూసుకోలేదు. ఇచ్చినవాళ్ళ ఎదుటే తెరిచి చూస్తే ఏమనుకుంటారో అని. మొహమాటం! ఇంటికి పిలిచినవాళ్ళు ఉప్పులేని పప్పు పెడితే బాగుందంటామే, అదే మొహమాటం. పప్పుకి సరిపోతుంది. తుపాకీకి సరిపోదు."

చివరికి సాదా నల్లరంగు రివాల్వర్ ఒకటి తీయించింది. పొట్టీ కాదు పొడుగూ కాదు. త్రీ ఫిఫ్టీ సెవెన్. అందులో మెత్తగా తన్నే థర్టీ ఎయిట్ తూటాలు కూడా పడతాయి. శ్యామ్‌సుందర్ వెనకాల రేంజిలో నాలుగు కాల్చి చెయ్యి విదిలించుకుంటూ వచ్చాడు. నడివేలి కణుపు కందిపోయింది.

"ట్రిగ్గర్ చుట్టూ ఉన్న గార్డు వెనక తగులుతోంది. కంపెనీ పిడి సన్నం," అంది లీల. "పేలినప్పుడు తుపాకీ చేతిలో పైకి దొర్లుతుంది. పిడి సన్నమైతే వేలు కొట్టుకుంటుంది, మరీ లావైతే బొటనవేలు హ్యామర్‌కి అందదు. గార్డు వెనక సందు పూడ్చేటట్టు ఉండాలి, చెయ్యి నిండాలి, చెమట పట్టినా జారకూడదు."

నూనె పట్టించిన వాల్‌నట్ చెక్క పిడి ఒకటి ఏరి బిగించింది. శ్యామ్‌సుందర్ పట్టుకుని చూశాడు. చేతిలో కుదురుగా కూర్చుంది.

"సుఖంగానే ఉంది," అన్నాడు దిగులుగా. "చూడ్డానికి మాత్రం అట్లకాడలా ఉంది."

"అట్లు వెయ్యడం వచ్చినవాళ్ళకి అట్లకాడ విలువ తెలుస్తుంది," అంది లీల.

*

క్లబ్ ప్రెసిడెంట్ పేరు బక్ హార్లన్. ఆ పేరు వాడిది కాదు. వాడు చెప్పుకునే కర్నల్ హోదా వాడిది కాదు. టెక్సాస్ యాస సరేసరి. మీసం ఒక్కటే సొంతం. ఊరందరినీ వీపుమీద చరిచి పలకరిస్తాడు.

వాడి పక్కన మీనా. నల్ల షిఫాన్ చీర, చేతుల్లేని జాకెట్టు, చలికి భుజాల మీద నక్క తోలు. ఆమె నడిచొస్తుంటే సెంటు ముందొచ్చి మనిషి తరవాత వస్తుంది. శనివారం మధ్యాహ్నం క్లబ్ కాంటీన్‌లో శ్యామ్‌సుందర్ ఎదుట కూర్చుని కళ్ళు ఎత్తింది.

"గోంగూర."

"పుల్లగా... ఉందా?" శ్యామ్‌సుందర్ క్రాపు సవరించుకున్నాడు.

"ఇలాంటి చేతులకి ఆ మొద్దు చెక్కేమిటి శ్యామ్?" ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పట్టుగుడ్డ తీసి విప్పింది. లోపల దంతపు పిడి. పాలమీగడలా ఉంది. "నీ కోసమే తెప్పించాను."

"కానీ లీలగారు... క్లబ్ వాళ్ళు ఇచ్చింది తీసుకోవద్దన్నారు..."

"నేను క్లబ్బా? నేను మనవాళ్ళ మనిషిని కదా. వద్దంటే చెప్పు, ఏమీ అనుకోను." అని మొహం అటు తిప్పుకుంది.

ఇంకేం! మొహమాటం వచ్చి గొంతుమీద కూర్చుంది. "అయ్యో, వద్దనలేదండీ!" అని రివాల్వర్ తీసి ఆమె ముందు పెట్టేశాడు. రేపు పొద్దున బిగించి, తూటాలు నింపి ఇస్తానంది. ఇంటికి పట్టుకుపోయి తనే స్క్రూడ్రైవర్‌తో బిగించింది; హార్లన్‌కి చూపించలేదు. చూపిస్తే ఆ మహానుభావుడు ఒక్క చూపులో కొత్త మోడల్ అని పట్టేసేవాడు. ఆమెకి మాత్రం తుపాకులన్నీ ఒకటే. లిప్‌స్టిక్కుల్లో అయితే ఇరవై రకాలు చీకట్లో కూడా చెప్పగలదు.

*

ఆదివారం పొద్దున సన్నగా మంచు పొడి రాలుతోంది. లీల శ్యామ్‌సుందర్ నడుము వైపు చూసింది. ఒరలోంచి తెల్లగా దంతం కనపడుతోంది.

"ఎవరిచ్చారు?"

"మీనా. ఆవిడ మన..."

"బల్ల మీద పెట్టు."

పెట్టాడు. లీల పక్కనున్న చిన్న తలుపు తెరిచి సిలిండర్ తిప్పింది. ఒకటి, రెండు, మూడు... ఆరు గదుల్లోనూ ఆరు తూటాలు. దంతం మీద బొటనవేలితో రాసి వేళ్ళు చూసుకుంది. మైనం. చలికి బిగుసుకున్న చేతిలో మైనం రాసిన దంతం! దాని మీద బల్లి కూడా నిలవదు.

శ్యామ్‌సుందర్ మొహం పిడికన్నా తెల్లబడింది. "అంటే... నా తుపాకీ కిందపడాలి. అదే సమయానికి పైనుంచి మిమ్మల్ని..."

"నన్ను చంపినవాడివి నువ్వవుతావు. నన్ను కాపాడ్డానికి వచ్చినవాడివి! వాళ్ళు నిన్ను చూడగానే పనికొచ్చే మనిషివని కనిపెట్టారు. మీ ఆఫీసే కనిపెట్టలేకపోయింది."

"ఇప్పుడే మార్చేస్తాను. చెక్క పిడి కార్‌లో ఉంది."

"మార్చకు. వాళ్ళకి తెలిసిపోతుంది. మీ చీఫ్‌ని పిలువు."

శ్యామ్‌సుందర్ బెల్టు బకిల్ నొక్కాడు. అందులోంచి పందిమాంసం ధరలూ, మొక్కజొన్న ధరలూ చదువుతున్న రేడియోవాడి గొంతు వచ్చింది. మళ్ళీ నొక్కాడు. సోయాబీన్ ధర వచ్చింది. లీల విసుక్కుని తనే నడుచుకుంటూ వెళ్ళింది. జనంలో ఒక కౌబాయ్, టోపీ చెవులమీదికి దిగిపోయి, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, అంటించిన మీసం సగం ఊడిపోయి, అల్యూమినియం రేకులోంచి పులిహోర తింటున్నాడు.

"రామమోహన్‌గారూ."

"ష్! మారువేషంలో ఉన్నాను!"

"మీరు తప్ప ఇంకెవరికీ ఆ సంగతి తెలియదు. వినండి. ఆఫీసు గది మేడమీద కిటికీ ఒకటి తెరిచి ఉంది. ఈ చలిలో ఎవరు తెరుస్తారు? మీవాళ్ళని మెట్లమీద పెట్టండి."

"ఇప్పుడే వెళ్ళి పట్టుకుంటే?"

"వాడి చేతిలో రైఫిల్ లేకుండా పట్టుకుంటే కిటికీ తీసిన నేరానికి ఎన్నాళ్ళు వేస్తారు? శ్యామ్ తుపాకీ పడేస్తాడు. అది పేలదు. చప్పుడు రాకపోతే ముసుగు లేదు, ముసుగు లేకపోతే వాడు కాల్చడు, బిత్తరపోతాడు. అప్పుడు పట్టుకోండి."

"కాలిస్తే?"

"కాల్చడు. ఆలోచన ఉన్నవాడెవడూ కాల్చడు."

అక్కడే లీల లెక్క తప్పింది. ఎదుటివాడికి తనకున్నంత ఆలోచన ఉంటుందనుకోవడం చదువుకున్నవాళ్ళు చేసే పొరపాటు.

*

వరసలో నిలబడ్డారు. లీల, ఆమెకి ఎడమపక్క శ్యామ్‌సుందర్. వెనక ఈలలు, చప్పట్లు. మీనా కొంచెం దూరంగా నిలబడి నక్క తోలు సర్దుకుంటోంది. హార్లన్ కనపడటం లేదు.

"ఆంటీ, నాకు చెయ్యి వణుకుతోంది."

"మంచిది. ఇవాళ నీకు అదే పని. నేను దగ్గగానే పడెయ్. జీవితంలో ఒక్కసారైనా చెప్పినప్పుడు చెప్పింది చెయ్యి."

పోటీ పెట్టేవాడు చెయ్యెత్తాడు. లీల దగ్గింది.

శ్యామ్‌సుందర్ ఒరలోంచి రివాల్వర్ లాగాడు. పడెయ్యక్కర్లేకుండానే అది పడిపోయింది. హ్యామర్ సిమెంటుకి ఠంగున కొట్టుకుంది. పేలలేదు. లీల చెప్పిన ఉక్కు బద్ద లోపల తన పని తను చేసింది. కానీ తుపాకీ ఆగలేదు. మంచు తడి మీద జర్రున జారి వెళ్ళి లీల ఎడమకాలికి తగిలింది.

పుస్తకానికో, అన్నపు గింజకో, దసరాకి బొట్టు పెట్టిన ఆయుధానికో కాలు తగిలితే మనవాళ్ళేం చేస్తారు? ఆలోచించరు. వంగుతారు. ముప్ఫయ్యేళ్ళు అమెరికాలో ఉన్నా, పీహెచ్‌డీ ఉన్నా, ప్రాణం మీదికి వచ్చినా వంగుతారు. లీల గభాలున వంగి, తుపాకీని వేళ్ళతో తాకి, వేళ్ళు కళ్ళకద్దుకుంది.

ఆ క్షణాన మేడమీద రైఫిల్ ఢామ్మంది. ఒక్క లిప్త ముందు ఆవిడ మెడ ఉన్న చోటులోంచి తూటా దూసుకుపోయి, ఎదుట కింద వరసలో ఉన్న ఇనప పళ్ళానికి తగిలి గంట కొట్టింది.

కిందపడ్డ తుపాకీలోంచి పొగ లేదు. అందరి తలలూ ఒక్కసారిగా కిటికీ వైపు తిరిగాయి. అక్కడ కర్నల్ బక్ హార్లన్, పొగ వస్తున్న రైఫిల్‌తో, నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు. తుపాకీ పడటం చూశాడు, కాల్చేశాడు. చప్పుడు వచ్చిందో లేదో వినాలన్న బుద్ధే లేదు మొద్దు వెధవకి. ఏళ్ళ తరబడి నటించిన టెక్సాస్ యాస మరిచిపోయి, వాడి సొంత దేశపు బూతు ఒకటి అరిచాడు. మెట్లమీద ఉన్న ఫెడరల్ వాళ్ళు వెళ్ళి చేతులు విరిచి పట్టుకున్నారు. గదిలో ఇనప పెట్టె బద్దలుకొడితే దొంగిలించిన డ్రాయింగులు దొరికాయి.

మీనా అప్పటికే పరిగెత్తుకొచ్చి శ్యామ్‌సుందర్ చెయ్యి పట్టుకుంది. "శ్యామ్! నేను మొదటినుంచీ మీ వైపే! వాణ్ణి పట్టించడానికే ఇదంతా!"

"అవునా?" అన్నాడు శ్యామ్‌సుందర్, ఆశగా.

లీల నడుం పట్టుకుని నెమ్మదిగా పైకి లేచింది. మోకాళ్ళు పట్టేశాయి. "నా మెడ మీద వాడికి గురి కుదిర్చింది నువ్వు. ఆ మెడ ఇంకా ఉంది కాబట్టి మీ వైపంటున్నావు. లేకపోతే వాడి వైపనేదానివి. నీకు వైపులు లేవమ్మా, చీర అంచులున్నాయంతే."

రామమోహన్ వచ్చాడు. మీసం పూర్తిగా ఊడిపోయింది. "రెండు వైపులా ఉన్నవాళ్ళకి రెండు చేతులకీ వెయ్యాలి," అని మీనాకి బేడీలు తగిలించాడు. తగిలించాక తాళంచెవి పార్సిప్పనీలో మరిచిపోయినట్టు గుర్తొచ్చింది.

"లీలగారూ," అన్నాడు గంభీరంగా, "తూటా వస్తోందని మీకు ఎలా తెలిసింది? ఆ వంగడం ఏ ట్రైనింగు?"

లీల ఇనప పళ్ళానికి పడిన సొట్ట వైపు చూసింది. అది తన మెడలో పడాల్సింది. "రవికుమార్ ఉంటే నవ్వేవాడు," అని మాత్రం అని కళ్ళు తుడుచుకుని కారు వైపు నడిచింది.

సోమవారం వాషింగ్టన్‌లో ఒక పొడుగాటి బల్ల ముందు, కోటు తొడుక్కున్న మగవాళ్ళు ఎనిమిదిమంది ఎదుట ఆవిడ నాలుగు గంటలు మాట్లాడింది. సగం మంది అర్థమైనట్టు తలలూపారు. మిగతా సగం నిజాయితీపరులు, నిద్రపోయారు. పూత మెలకువ మాత్రం రాసుకోవాల్సినవాళ్ళు రాసుకున్నారు. దాని మీద రవికుమార్ పేరే ముందుండాలని పట్టుబట్టి పెట్టించింది.

అదే వారం ఆఫీసు శ్యామ్‌సుందర్‌కి పతకం ఇచ్చి, ప్రమోషన్ ఇచ్చి, గుండు సూది కూడా లేని గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఆ కుర్చీ వేసిన రోజునుంచి అమెరికా నిజంగానే కాస్త సురక్షితంగా ఉంది.